కారు మాట్లాడుకోకుండా ముక్తినాథ్ వెళ్ళిరావచ్చా?

కావలి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "అమ్మకు 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నేపాల్‌లోని ముక్తినాథ్ గుడి సేవించుకోవాలని ఎప్పటినుంచో కోరిక. నేను, నా భార్య, అమ్మ, ముగ్గురం. నవంబరులో 12 రోజులు సెలవు దొరుకుతుంది. ఖాట్మండు, పోఖరా, ముక్తినాథ్, వీలైతే జనక్‌పూర్ చూడాలి. అంతా కొండల దేశం, కారు మాట్లాడుకోకపోతే తిరగలేరని ప్యాకేజీ వాళ్ళు అంటున్నారు. బస్సుల్లో, షేర్ జీపుల్లో అయ్యే పనేనా?"

అయ్యే పనేనండి. జనక్‌పూర్ ఒక్కటి ఈ ట్రిప్పులోంచి తీసేయండి, ఎందుకో కింద చెప్తాను. మిగతాది 12 రోజుల్లో హాయిగా అవుతుంది.

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం మార్కాపురం డిపోలో, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కే బండ్ల మీద గడిచింది. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. రిటైరయ్యాక చుట్టాలనీ, మా వీధి పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని నేపాల్ వెళ్ళివస్తున్నాను. నా మాటల్లో బండి గోల కాస్త ఎక్కువే ఉంటుంది, ఓర్చుకోండి.

ముందు ఆ ప్యాకేజీ వాళ్ళ మాట సంగతి. కొండ దారిలో కారు ఉంటే ధైర్యం అనుకుంటాం. నిజానికి నేపాల్‌లో మనల్ని ఆపేది బండి లేకపోవడం కాదు, రోడ్డు మూసుకుపోవడం. కొండచరియ విరిగి పడిందంటే బస్సైనా కారైనా ఒకే వరసలో నిలబడాల్సిందే. తేడా ఎక్కడొస్తుందంటే, బస్సులోనో షేర్ జీపులోనో వచ్చినవాళ్ళు సంచి భుజాన వేసుకుని, చరియ పడిన ఆ కాస్త మేరా నడిచి దాటి, అవతల వెనక్కి తిరిగి వెళ్తున్న బండి ఎక్కేస్తారు. రెండు వైపులా డ్రైవర్లు మాట్లాడుకుని ప్రయాణికుల్ని మార్చుకోవడం అక్కడ రోజూ జరిగేదే. కారు మాట్లాడుకున్నవాళ్ళు కారు దగ్గరే కూర్చుంటారు, రోజువారీ బాడుగ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా ఖాట్మండులో మాట్లాడుకునే చిన్న కార్లు, పోఖరా నుంచి ముక్తినాథ్ వెళ్ళే దారిలో ఉన్న బేనీ దాటాక రాళ్ళ దారిలో అడుగు తగిలి ఇబ్బంది పెడతాయి. అక్కడ ఎలాగూ జీపే కావాలి.

మీ అమ్మగారు అలా నడిచి దాటలేరు కదా అంటారేమో. నిజమే. అందుకే నవంబరు మంచి నిర్ణయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, చరియలు ఎక్కువగా పడేది అప్పుడే. అక్టోబరు రెండో సగం నుంచి ఆకాశం తేటగా ఉంటుంది, రోడ్డు ఆరుతుంది. అయితే దసరా రోజులు మాత్రం తప్పించండి. వాళ్ళ దశైన్‌కు ఖాట్మండు ఖాళీ అవుతుంది, సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు. బస్సు సీటు దొరకదు, దొరికినా నలుగురి సీట్లో ఆరుగురు. తరవాత తిహార్, అంటే దీపావళి. అది కూడా అయ్యాక బయల్దేరితే బండ్లు ఖాళీగా దొరుకుతాయి, లాడ్జిలూ దొరుకుతాయి.

ఇక లెక్క. ఖాట్మండు నుంచి పోఖరా సుమారు 200 కిలోమీటర్లు. మనకు హైవే మీద నాలుగు గంటల మాట. అక్కడ ఏడు నుంచి తొమ్మిది గంటలు చెప్పుకోండి. పోఖరా నుంచి ముక్తినాథ్ 180 కిలోమీటర్ల లోపే, కానీ ఒక్క రోజులో వెళ్ళాలంటే తెల్లవారి నుంచి చీకటి పడేదాకా కుదుపులే. కొండల్లో కిలోమీటర్లు చూసి ప్లాన్ వేయకూడదు, గంటలు చూడాలి. ఆ గంటలు కూడా పొద్దున్నవే. రోజుకు ఒక్క ప్రయాణం, మధ్యాహ్నానికల్లా దిగిపోవడం, ఈ రెండూ పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. పొద్దున బస్సు దిగి మధ్యాహ్నం విమానం, అక్కడి నుంచి సాయంత్రం జీపు అని గొలుసు కట్టారనుకోండి, ఒక కొక్కెం ఊడితే మొత్తం పోతుంది.

రాత్రి బస్సు మాత్రం ఎంత చవకైనా ఎక్కవద్దు. మన దోర్నాల ఘాట్‌లో రాత్రి 9 దాటితే అటవీ శాఖ వాళ్ళు గేటు వేసేస్తారు. అది పులుల కోసం పెట్టిన నిబంధనే అయినా, డ్రైవర్లుగా మేం లోలోపల సంతోషించేవాళ్ళం. నేపాల్‌లో అలాంటి గేటు అన్నిచోట్లా ఉండదు. 2024 జూలై 12 తెల్లవారుజామున నారాయణ్‌గఢ్–ముగ్లింగ్ రోడ్డులో సిమల్‌తాల్ దగ్గర చరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. వాటిలో 60 మందికి పైగా ఉన్నారు. పైనుంచి రాళ్ళు దొర్లుతున్నాయా లేదా అన్నది పగలైతే డ్రైవరుకు కనిపిస్తుంది, రాత్రి హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద తప్ప కొండ మీద పడదు.

వెళ్ళే దారి రెండు రకాలు. రైలంటే ఇష్టమైతే మన విజయవాడ–గూడూరు లైను మీదుగానే గోరఖ్‌పూర్ దాకా పోయే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. వారంలో కొన్ని రోజులే నడుస్తుంది, మీకు దగ్గరి స్టాపు చూసి బుక్ చేసుకోవాలి. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి సరిహద్దు వంద కిలోమీటర్ల లోపు. నడిచి దాటితే అవతల భైరహవా, అక్కడి నుంచి పోఖరాకు బస్సు. బుద్ధుడు పుట్టిన లుంబిని కూడా భైరహవాకు దగ్గరే. కుర్రాళ్ళైతే నేను ఈ దారే చెప్తాను. మీ అమ్మగారి మోకాళ్ళకు ఇది వద్దు. చెన్నై నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి ఖాట్మండు విమానంలో వెళ్ళండి. దారిలో పోయే రోజులు అలా మిగిల్చుకుని కొండ మీద ఖర్చు పెట్టండి, అక్కడే అవి పనికొస్తాయి.

ఖాట్మండులో తిరగడం పెద్ద విషయం కాదు. పఠావో, ఇన్‌డ్రైవ్ యాప్‌లు ఉన్నాయి, కారు కూడా వస్తుంది, బేరమాడే పని లేదు. పశుపతినాథ్, గుహ్యేశ్వరి దగ్గర దగ్గరే. బుఢానీలకంఠ నారాయణుడు ఊరికి ఉత్తరం అంచున ఉంటాడు. నీళ్ళలో శేషుడి మీద పడుకున్న రాతి విగ్రహం. మెట్లు తక్కువ, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. అక్కడ శనివారం సెలవు. ఆఫీసు పనులుంటే అది గుర్తుంచుకోండి. గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. బస్సు ఏడింటికంటే మన ఫోనులో 6.45 అన్నమాట.

ఖాట్మండు నుంచి పోఖరాకు టూరిస్టు బస్సు ఎక్కండి. పొద్దున ఏడు ప్రాంతంలో వరసగా బయల్దేరతాయి, మీ లాడ్జి వాళ్ళే ముందురోజు టికెట్ తెచ్చిపెడతారు. లోకల్ బస్సుకంటే కాస్త ఎక్కువ, కానీ ఊరూరా ఆగదు, టిఫినుకూ భోజనానికీ బాత్‌రూమ్ ఉన్న చోట ఆపుతాడు. ఆడవాళ్ళు వెంట ఉన్నప్పుడు ఈ ఒక్క కారణానికే ఆ డబ్బు ఇవ్వొచ్చు. హైఎస్ వ్యాన్లు కూడా ఉంటాయి, వాటిని అక్కడ మైక్రో అంటారు. అవి త్వరగా వెళ్తాయి. ఘాట్‌లో త్వరగా వెళ్ళే బండి గురించి నా అభిప్రాయం మీకు అర్థమయ్యే ఉంటుంది.

సీటు ఎక్కడ తీసుకోవాలో చెప్తాను, ఇది నా సబ్జెక్టు. బస్సులో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉన్న వరసల్లో కూర్చోండి. వెనక ఇరుసు దాటాక బాడీ బయటికి పొడుచుకుని ఉంటుంది. గుంతలో చక్రం పడితే ఆ భాగం ఎగిరి పడుతుంది, మలుపులో పక్కకు విసురుతుంది. నడుము నొప్పులు, వాంతులు అన్నీ చివరి వరసలవే. ముందు నుంచి మూడు, నాలుగో వరస అమ్మగారికి సరైన చోటు. మోకాళ్ళు చాపుకోవడానికి నడవా పక్క సీటు ఇవ్వండి, కిటికీ మీ ఆవిడకు.

బండి ఎక్కేముందు ముందు టైర్లు ఒకసారి చూడండి. గాడులు అరిగి నున్నగా ఉంటే ఇంకో బస్సు చూసుకోండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దిగుడులో డ్రైవరు ఏ గేరులో ఉన్నాడో చెవికి తెలుస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్నది ఘాట్ డ్రైవరుకు మొదటి పాఠం. ఇంజను గట్టిగా గొణుగుతూ బండిని పట్టి ఉంచుతుంటే మంచివాడి చేతిలో ఉన్నట్టు. ఇంజను చప్పుడు లేకుండా జారుతూ ప్రతి మలుపుకూ బ్రేకు తొక్కుతుంటే లైనర్లు వేడెక్కుతాయి, కాలిన వాసన వస్తుంది. వేడెక్కిన బ్రేకు పట్టదు. వాసన వస్తే మొహమాటపడకుండా "దాజు, చాయ్‌కి ఆపండి" అనండి, దాజు అంటే అన్న. హిందీలో చెప్పినా అర్థమవుతుంది. పది నిమిషాలు ఆగితే డ్రమ్ములు చల్లబడతాయి, ఎవరి పరువూ పోదు. ఒక్కమాట మాత్రం చెప్పాలి, నేపాలీ ఘాట్ డ్రైవర్లలో ఎక్కువమంది గట్టివాళ్ళు. ఎదురుబండికి దారి ఇవ్వడంలో వాళ్ళకున్న మర్యాద మన దగ్గర నేను చూడలేదు.

ఈ దారిలోనే కురింతార్ అనే చోట మనకామన అమ్మవారి గుడికి రోప్‌వే ఉంది. 1998లో మొదలైంది, 2.8 కిలోమీటర్ల పొడవు, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు పది నిమిషాల్లో ఎక్కిస్తుంది. నడిచి ఎక్కాలంటే సగం రోజు పట్టే కొండ. టూరిస్టు బస్సు రోప్‌వే గేటు దగ్గరే ఆపుతుంది. దీన్ని వెళ్ళేటప్పుడు పెట్టుకోవద్దు, తిరుగు ప్రయాణంలో చూడండి. మధ్యాహ్నం భోజనం వేళ రోప్‌వే కాసేపు ఆపేస్తారు, పొద్దున్నే చేరేలా చూసుకోండి. అక్కడ బలులు ఇస్తారు, మేకలు కూడా రోప్‌వేలోనే పైకి వెళ్తాయి. వాటికి కొట్టేది వన్‌వే టికెట్. అమ్మగారు అవి చూడలేని మనిషైతే మనకామన మానేయడమే మంచిది.

పోఖరాలో ఒక రోజు పూర్తిగా ఆగండి. ఫేవా సరస్సు మధ్యలో వారాహి గుడికి పడవలో వెళ్ళొచ్చు, వింధ్యవాసిని గుడి ఊళ్ళోనే. ఆ రోజే పర్మిట్ పని పూర్తి చేసుకోవాలి. ముక్తినాథ్ ఉన్నది అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో, మనవాళ్ళకూ ఎంట్రీ పర్మిట్ కావాలి. మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్ళకు రుసుము మిగతా విదేశీయులకంటే తక్కువ. ఫొటోలు, గుర్తింపు కార్డు జిరాక్సులు నాలుగైదు సెట్లు ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

ఇక అసలు భాగం, పోఖరా నుంచి పైకి. ఇక్కడ అందరూ అడిగేది విమానమా, రోడ్డా అని. పోఖరా నుంచి ముక్తినాథ్ కింద ఉన్న జోమ్‌సోమ్ ఊరికి విమానం ఇరవై నిమిషాలు. చిన్న విమానాలు, పొద్దున్న పూట మాత్రమే తిరుగుతాయి. దానికి కారణం గాలి. కాళీగండకి నది ఒక పక్క ధవళగిరి, ఇంకో పక్క అన్నపూర్ణ, రెండు ఎనిమిదివేల మీటర్ల శిఖరాల మధ్య సందులోంచి పారుతుంది. ఎండ ఎక్కేకొద్దీ టిబెట్ వైపు ఎండు నేల వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి కింది నుంచి గాలి ఈ సందులోకి తోసుకొస్తుంది. పదకొండు దాటాక జోమ్‌సోమ్‌లో నిలబడితే ఇసుక ముఖానికి కొడుతుంది. పొద్దున మబ్బు పడితే విమానం ఆలస్యం, ఆలస్యమైతే గాలి, గాలి మొదలైతే ఆ రోజుకు రద్దు. మరుసటి రోజు టికెట్లు అప్పటికే వేరేవాళ్ళవి. 2022 మే 29న ఇదే దారిలో ఒక చిన్న విమానం కొండను ఢీకొని అందులోని 22 మందీ పోయారు, వారిలో నలుగురు మన దేశంవాళ్ళు. భయపెట్టడానికి చెప్పడం లేదు. "వాతావరణం బాగాలేదు, ఎగరం" అని వాళ్ళంటే గొడవపడే మనవాళ్ళను చూశాను, వాళ్ళ కోసం చెప్తున్నాను.

నా సలహా ఏమిటంటే ఎక్కేటప్పుడు రోడ్డు, దిగేటప్పుడు విమానం. ఎందుకంటే పోఖరా 822 మీటర్ల ఎత్తు, జోమ్‌సోమ్ సుమారు 2,700, ముక్తినాథ్ గుడి 3,700 పైన. తిరుమల కొండే వెయ్యి మీటర్ల లోపు అని గుర్తుంచుకోండి. ఒంటికి ఎత్తు అలవాటు కావాలంటే టైమ్ ఇవ్వాలి. ఇరవై నిమిషాల్లో పైకి తీసుకెళ్ళి దింపితే తల దిమ్మెక్కుతుంది. రెండున్నర వేల మీటర్లు దాటితే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం ఎవరికైనా రావచ్చు, వయసుతో సంబంధం లేదు. రోడ్డు మీద రెండు రోజులు తీసుకుని ఎక్కితే ఆ బాధ చాలావరకు ఉండదు. దిగేటప్పుడు ఆ సమస్య లేదు, కాబట్టి పొద్దున ఆకాశం తేటగా ఉంటే విమానం ఎక్కేయండి. లేకపోతే జీపు ఉండనే ఉంది.

మొదటి రోజు పోఖరా నుంచి బేనీ మీదుగా తాతోపానీ దాకా. బేనీ వరకు సుమారు 80 కిలోమీటర్లు, బస్సులు, జీపులు బాగ్లుంగ్ బస్ పార్కు నుంచి దొరుకుతాయి. బేనీ దాటాక రోడ్డు కొంత తారు, కొంత మట్టి, కొంత ఒట్టి రాళ్ళు. తాతోపానీ అంటే వేడినీళ్ళు. నది పక్కనే వేడినీటి బుగ్గల తొట్లు ఉన్నాయి. ఎత్తు 1,200 మీటర్ల లోపే, చలి కూడా తక్కువ. పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి చేరి సాయంత్రం అమ్మగారిని ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోమనండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నాతో వచ్చిన ప్రతిసారీ మరుసటి రోజు జీపులో గొణగకుండా కూర్చున్నారు.

రెండో రోజు తాతోపానీ నుంచి జోమ్‌సోమ్, కుదిరితే ఇంకాస్త ముందుకు కాగ్‌బేనీ. మొత్తం దారిలో కష్టమైన ముక్క ఇదే, ఘాసా వరకు లోయ ఇరుకు. ఇక్కడ షేర్ జీపు మాట్లాడుకునేటప్పుడు ఒక కిటుకు చెప్తాను. బొలెరో, స్కార్పియో మధ్య వరసలో నలుగురిని ఇరికిస్తారు. మీరు ముగ్గురూ నాలుగు సీట్ల డబ్బు ఇచ్చి ఆ వరస మొత్తం తీసుకోండి. జీపు మొత్తం మాట్లాడుకోవడాన్ని అక్కడ రిజర్వ్ అంటారు, అది దీనికి రెండింతలకు పైనే అవుతుంది. ఈ ఒక్క ముక్కకు, అమ్మగారికి బాగాలేదనిపిస్తే, రిజర్వ్ చేసుకున్నా తప్పులేదు. కారు లేకుండా తిరగడమంటే పట్టుదలకు పోవడం కాదు కదా. మిగతా పదకొండు రోజులు మిగిలిన డబ్బు అక్కడ వాడుకోవచ్చు. వెనక అడ్డంగా ఉండే సీట్లలో మాత్రం పెద్దవాళ్ళను కూర్చోబెట్టవద్దు.

ఆ రాత్రి కాగ్‌బేనీలోనో జోమ్‌సోమ్‌లోనో పడుకోండి. సుమారు 2,800 మీటర్లు. చాలామంది అదే ఊపులో ముక్తినాథ్ కింద ఉన్న రాణీపౌవాకు వెళ్ళి 3,700 మీటర్ల ఎత్తులో పడుకుంటారు, రాత్రంతా ఊపిరాడక లేచి కూర్చుంటారు. పగలు ఎత్తుకు వెళ్ళి రాత్రి కిందికి వచ్చి పడుకోవడం కొండవాళ్ళ పద్ధతి. కాగ్‌బేనీ నదుల సంగమం, పితృకార్యాలు చేసేచోటు. నాన్నగారికి పిండప్రదానం ఉద్దేశం ఉంటే తెల్లవారే ఇక్కడ చేయించుకోవచ్చు.

మూడో రోజు పొద్దున షేర్ జీపులో ముక్తినాథ్. జోమ్‌సోమ్ నుంచి గంట, గంటన్నర, ఈ ముక్క రోడ్డు ఇప్పుడు బాగుంటుంది. జీపు నిండితే గానీ కదలదు, ఏడింటికల్లా కౌంటరు దగ్గర ఉండండి. రాణీపౌవాలో బండి ఆగాక గుడిదాకా అరగంట ఎక్కుడు, తరవాత మెట్లు. గుర్రాలు దొరుకుతాయి. గుర్రం గుడి గేటు దాకే వస్తుంది, లోపల మెట్లు మెల్లగా ఎక్కాలి. పది మెట్లకోసారి ఆగమనండి. మోకాలి కంటే ఊపిరే అడ్డం పడుతుంది అక్కడ. గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు, ముందు రెండు కుండాలు. మంచు కరిగిన నీళ్ళు, నవంబరులో ఐస్ ముక్కే. మనవాళ్ళు పుణ్యం కొద్దీ ధారలన్నిటి కిందా పరుగెత్తి, కుండాల్లో మునిగి, తడిబట్టలతో వణుకుతూ నిలబడతారు. మీరిద్దరూ మీ ఇష్టం. అమ్మగారికి మాత్రం తల మీద చల్లితే చాలు. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం ఇదే. పక్కనే జ్వాలామాయి గుడిలో రాళ్ళ సందు నుంచి వచ్చే సహజవాయువు చిన్న నీలి మంటగా వెలుగుతూ ఉంటుంది, అది వదలకండి. పదకొండుకల్లా కిందికి జీపు ఎక్కేయండి. ఆ రాత్రి మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఉండొచ్చు. మార్ఫా ఆపిల్ పళ్ళ ఊరు, గాలి కూడా తక్కువ.

పైకి వెళ్ళేముందు బీపీ, షుగరు ఉంటే డాక్టరును అడగండి. ఎత్తుకు వాడే డయామాక్స్ బిళ్ళ పక్కింటివాళ్ళు చెప్పారని వేసుకోకూడదు. పైన తలనొప్పి తగ్గకపోయినా, మనిషి తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దర్శనం అయినా కాకపోయినా కిందికి దిగడమే మందు.

ఇలా లెక్కేస్తే: వెళ్ళే రోజు ఒకటి, ఖాట్మండు ఒకటి, పోఖరాకు బస్సు ఒకటి, పోఖరా విశ్రాంతి ఒకటి, పోఖరాకు దిగే రోజుతో కలిపి కొండ మీద నాలుగు. ఎనిమిది రోజులు. తొమ్మిదోది ఖాళీగా వదిలేయండి. విమానం రద్దైనా, రోడ్డు మూసుకుపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ రోజే కాపాడుతుంది. ఏదీ జరగకపోతే పోఖరాలో సరస్సు పక్కన కూర్చోండి. పదో రోజు మనకామన మీదుగానో నేరుగానో ఖాట్మండు, పదకొండు మిగిలిన గుళ్ళు, పన్నెండు తిరుగు విమానం. ఖాట్మండు చేరిన రోజే ఇండియా విమానం ఎక్కేలా మాత్రం టికెట్ తీయకండి.

జనక్‌పూర్ ఎందుకు వద్దన్నానంటే, అది మైదానం, వేరే దిక్కు. ఖాట్మండు దగ్గరి ధూలిఖేల్ నుంచి మైదానం వైపు జపాన్ సాయంతో కట్టిన బీపీ హైవే అని సుమారు 160 కిలోమీటర్ల దారి ఉంది. ఇరుకు, మలుపులు, పెద్ద బస్సులు వెళ్ళవు. 2024 సెప్టెంబరు వానలకు బాగా దెబ్బతింది కూడా. సీతమ్మ పుట్టింటికి ఇంకో ఏడాది బీహార్ వైపు నుంచి వెళ్ళండి. జయనగర్ నుంచి జనక్‌పూర్ మీదుగా 2022 ఏప్రిల్ నుంచి రైలు నడుస్తోంది, నేపాల్‌లో ప్రయాణికుల రైలు అదొక్కటే. దర్భంగా దాకా రైలు, అక్కడి నుంచి జయనగర్, కొండ ఎక్కే పనే లేదు.

డబ్బు సంగతి. మన 100 రూపాయలకు అక్కడి 160, ఈ రేటు ఏళ్ళ తరబడి మారలేదు. మన పెద్ద నోట్ల విషయంలో నిబంధనలు మారుతూ వస్తున్నాయి, వందనోట్లు తీసుకెళ్తే ఎవరూ అడగరు. 2024 మార్చి నుంచి మన యూపీఐ అక్కడి ఫోన్‌పే క్యూఆర్ మీద పనిచేస్తోంది. అది మన ఫోన్‌పే కాదు, పేరు మాత్రం ఒకేలా వినిపిస్తుంది. ఖాట్మండు, పోఖరాల్లో సరే, బేనీ దాటాక సిగ్నల్‌ను నమ్ముకోకండి, నేపాలీ నోట్లు జేబులో ఉండాలి. స్వదేశీ విమానాల్లో నేపాలీలకు ఒక ధర, మనకు ఒక ధర, మిగతా విదేశీయులకు ఇంకో ధర. కౌంటరులో ఇండియన్ అని ముందే చెప్పండి.

భోజనానికి భయం లేదు. దాల్ భాత్ ప్రతి ఊళ్ళో దొరుకుతుంది, అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లైనా వడ్డిస్తారు. కారం మాత్రం మనకు చాలదు. కందిపొడి, ఆవకాయ ఒక డబ్బా తీసుకెళ్ళండి, అమ్మగారికి అదే మందు.

చివరగా కాగితాలు, ఇది టికెట్లకంటే ముందు చూసుకోవాల్సిన పని. మనకు వీసా అక్కర్లేదు, కానీ విమానంలో వెళ్ళాలంటే మీ ఇద్దరికీ పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చూపిస్తే చెక్-ఇన్ కౌంటరులోనే వెనక్కి పంపేస్తారు. 65 దాటినవాళ్ళకూ 15 లోపు పిల్లలకూ మినహాయింపు ఉంది, వయసు, ఫొటో ఉన్న ఇంకో గుర్తింపు కార్డు సరిపోతుంది. అంటే అమ్మగారికి ఆధార్ చాలు, మీకు చాలదు. మీ ఓటరు కార్డులో పేరూ టికెట్‌లో పేరూ ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే తీసి చూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటే బుకింగ్ చేసేటప్పుడే కార్డులో ఉన్నట్టు రాయించండి.